తుపాను షెల్టర్‌లో క్యాన్సర్ శిబిరం: ఓ లేడీస్ టైలర్ రివ్యూ

ముందు మార్కులు చెప్పేస్తాను. ఐదుకి నాలుగు. తగ్గిన ఆ ఒక్కటీ డాక్టర్ల వల్లా కాదు, మందుల వల్లా కాదు, ఒక ఫోన్ నంబరు వల్ల. ఆ సంగతి దాని చోటొచ్చినప్పుడు రాస్తాను.

రివ్యూ దేనికంటే, మొన్న ఫిబ్రవరిలో మా ఊళ్ళో ఓ స్వచ్ఛంద సంస్థ పెట్టిన క్యాన్సర్ నివారణ శిబిరానికి. ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా, 30 దాటిన ఆడవాళ్ళకి గర్భాశయ ముఖద్వారం పరీక్ష, రొమ్ము పరీక్ష, వీటికి ముందు ఓ అవగాహన సభ. సంస్థ పేరు రాయను. మెచ్చుకుంటే ప్రకటన అంటారు, తప్పు పడితే కక్ష అంటారు. మా ఊరు సఖినేటిపల్లి నుంచి అంతర్వేది పోయే దారిలో ఉంటుంది, ఆమాత్రం చాలు. నేను జాకెట్లు, డ్రెస్సులు కుట్టుకుని బతికే మనిషిని. ఇలాంటివి నేనెందుకు రాయాలి అంటే, ఈ ఊళ్ళో ఆడవాళ్ళు డాక్టరుకి చెప్పనివి చాలా నా మెషిన్ పక్కన కూర్చుని చెప్తారు. పక్క ఊళ్ళలో కూడా ఇదే శిబిరం పెడతారంట. వెళ్ళాలా వద్దా అని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

శిబిరం పెట్టింది తుపాను షెల్టర్‌లో. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళకి ఆ బిల్డింగంటే గౌరవమే కానీ, అది స్తంభాల మీద కట్టిన బిల్డింగు. వరద నీళ్ళొస్తే ప్రాణభయంతో ఎక్కడానికి కట్టింది, మోకాళ్ళ నొప్పులతో ఎక్కడానికి కాదు. పెద్దవాళ్ళు మెట్ల దగ్గరే ఆగిపోయారు. మా ఆశా వర్కరు ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి కొందరిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి ఎత్తించింది. కింద స్కూలు వరండా ఖాళీగానే ఉంది. ఎందుకు అడగలేదో తెలియదు.

తేదీ కూడా అంతే. ఫిబ్రవరి 4 ప్రపంచ క్యాన్సర్ దినం కాబట్టి ఆ వారంలోనే పెట్టాలనుకున్నారు. అంతర్వేది తీర్థం కూడా ఆ దగ్గర్లోనే పడింది. కల్యాణానికి చుట్టాలంతా దిగిపోయి ఉంటారు, పొయ్యి మీద గిన్నె దించే తీరిక ఉండదు, అలాంటప్పుడు ఆడవాళ్ళని పదకొండింటికి రమ్మంటే ఎవరొస్తారు? ఢిల్లీలో క్యాలెండరు చూసుకుని పెట్టుకునే రోజులు కోనసీమలో కుదరవు. వచ్చినవాళ్ళు బాగానే వచ్చారు, అది వేరే సంగతి. మైకు కట్టిన ఆటో వల్ల కాదు, ఆశా వర్కరు ఇంటింటికీ తిరిగి, "పిన్నీ, నువ్వు రాకపోతే నేనే వచ్చి తీసుకెళ్తాను" అని చెప్పడం వల్ల.

టీమ్ నరసాపురం వైపు నుంచి పంటు మీద గోదారి దాటి వచ్చింది. టీకాల బాక్సు పట్టుకున్న సిస్టరు రేవు నుంచి ఇక్కడిదాకా దాన్ని ఒళ్ళోంచి దించలేదు. ఆ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, ఎక్కువైనా పాడే, గడ్డకట్టినా పాడే. ఓ కుర్రాడు సాయం చేద్దామని బాక్సు తీసి బైకు ట్యాంకు మీద పెట్టబోతే, "వద్దు బాబూ, ఎండ తగులుద్ది" అని చటుక్కున లాక్కుంది. అది చూశాకే నాకు వీళ్ళ మీద గురి కుదిరింది.

సభ దగ్గరికొస్తే, మొదట డాక్టరమ్మ ప్రొజెక్టర్ పెట్టి మాట్లాడారు. అన్ని కిటికీలున్న హాల్లో పట్టపగలు ప్రొజెక్టర్ ఏం కనిపిస్తుంది? తెర మీద తెల్లటి వెలుతురు తప్ప ఏమీ లేదు. ఆవిడ చెప్పినవి మాత్రం మంచి విషయాలు. మన దేశంలో ఏటా 1,20,000 మందికి పైగా ఆడవాళ్ళకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోందనీ, 75,000 మందికి పైగా పోతున్నారనీ, రొమ్ము క్యాన్సర్ తర్వాత ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపించేది ఇదేననీ అన్నారు. దీనికి మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అందులో చాలా రకాలున్నా 16, 18 అనే రెండు రకాలే దాదాపు 70 శాతం కేసులకి కారణం. ఈ సంగతి కనిపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ త్సుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారంట. జనం మర్యాదగా విన్నారు. నా పక్కనున్న మామ్మ కునికిపాట్లు పడింది.

అసలు సభ ఆ తర్వాత సిస్టరు మైకు తీసుకున్నాక మొదలైంది. మైకు తీసుకుందని రాశాను గానీ, పక్కన పెట్టేసింది. కింద చాప మీద మా మధ్య కూర్చుంది. "ఇంజక్షన్ సంగతి తర్వాత. మీకేం అనుమానాలున్నాయో చెప్పండి, సిగ్గుపడద్దు" అంది. మొదట ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఆపడం కష్టమైపోయింది.

"క్యాన్సర్‌కి టీకా ఏంటమ్మా, ఎక్కడన్నా ఉంటదా?" అని ఒకావిడ. సిస్టరు నవ్వి, "మీ మనవడికి పుట్టిన 24 గంటల్లోపు ఓ ఇంజక్షన్ వేశారు కదా, హెపటైటిస్ బి? అది కాలేయ క్యాన్సర్‌ని ఆపేదే. మీరు ఒకటి ఆల్రెడీ వేయించేశారు" అంది. హాలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పెళ్ళయ్యాక వేయించుకోకూడదా? పదమూడేళ్ళ పిల్లకి ఇప్పుడెందుకు?" ఇది అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న, అడిగింది మాత్రం మా వీధి చివరింటి వదిన. సిస్టరు చుట్టూ తిప్పలేదు. "ఈ వైరస్ శరీర సంబంధం వల్ల వస్తుందమ్మా. మొగుడి వల్ల భార్యకి కూడా వస్తుంది, అందులో ఎవరి నడతా చెడ్డదని కాదు. చాలామందికి వచ్చి దానంతటదే పోతుంది, కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోయి క్యాన్సర్ అవుతుంది. ఒంట్లోకి వచ్చేశాక టీకా దాన్ని బయటికి పంపలేదు. తట్టు వచ్చాక తట్టు టీకా వేయిస్తామా? ఇదీ అంతే" అంది. 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేస్తే బాగా పనిచేస్తుందని, దాటితే 15 నుంచి మూడు డోసులు కావాలని చెప్పింది. స్కాట్లాండ్‌లో 2008 నుంచి స్కూళ్ళలో ఈ టీకా వేస్తున్నారు. 12, 13 ఏళ్ళ వయసులో వేయించుకున్న అమ్మాయిల్లో ఒక్కరికి కూడా ఈ క్యాన్సర్ రాలేదని 2024లో అక్కడివాళ్ళు ప్రకటించారంట. ఆ మాటకి మామ్మ కూడా లేచి కూర్చుంది.

పిల్లలు పుట్టరంట కదా అని ఇంకొకావిడ. అలాంటిదేమీ లేదని, ఆ క్యాన్సర్ వస్తేనే గర్భసంచి తీసేయాల్సి రావచ్చని చెప్పింది. వెంటనే నాలుగైదు గొంతులు, "మాకు సంచి ఎప్పుడో తీసేశారు, మరి మాకెందుకు?" గర్భసంచి ఆపరేషన్లలో దేశంలో మన రాష్ట్రమే ముందు వరసలో ఉంటుంది. మా వీధిలో 40 దాటిన వాళ్ళని లెక్కపెడితే ఎవరికైనా అర్థమవుతుంది. ముఖద్వారంతో సహా తీసేసి ఉంటే, తీసింది క్యాన్సర్ కోసం కాకపోతే, కింది పరీక్ష అక్కర్లేదని, రొమ్ము పరీక్షకి మాత్రం రావాలని సిస్టరు అంది. ఆపరేషన్ కాగితాలు ఇంట్లో ఉంటే తెచ్చి చూపించమంది. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు వాళ్ళకి. ఈ ఒక్క జవాబుకే నేను రెండు మార్కులు వేశాను.

ఇక సంతకం సంగతి. దీని గురించి కాస్త పొడుగ్గా రాస్తాను.

మా చెల్లెలు, మరిది ఇద్దరూ కువైట్‌లో ఉన్నారు. వాళ్ళమ్మాయి నా దగ్గరే పెరుగుతోంది, ఎనిమిదో తరగతి. మా ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు కొల్లలు. అమ్మ మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటుంది, పిల్ల అమ్మమ్మ దగ్గరో పెద్దమ్మ దగ్గరో ఉంటుంది. ఫారం మీద నేను సంతకం పెట్టబోయాను. సిస్టరు ఆపింది. "మీరు పెద్దమ్మ కదా, ఫారంలో తల్లిగానీ తండ్రిగానీ అని ఉందండి. వాళ్ళమ్మకి ఫోన్ కలుస్తుందా?" అంది. మాకు పదకొండున్నర అంటే కువైట్‌లో తొమ్మిది. పని వేళ. అయినా వీడియో కాల్ చేశాను. చెల్లెలు వంటగదిలోంచే ఎత్తింది, చేతికి పిండి.

"అక్కా, ఇది పిల్లకి పడుద్దా? రేపు సంబంధాలప్పుడు ఎవరన్నా ఏమన్నా అంటారా?" అని అడిగింది. సిస్టరు ఫోన్ తీసుకుని హాల్లో చెప్పిందంతా మళ్ళీ చెప్పింది, ఓపిగ్గా, మొదటిసారి చెప్తున్నట్టే. జ్వరం రావచ్చు, చెయ్యి వాయచ్చు, రెండు రోజుల్లో తగ్గుతుంది అంది. చెల్లెలు సరే అన్నాక, ఆ సరే అన్న మాట వాట్సాప్‌లో వాయిస్‌గా పెట్టమంది. అప్పుడు ఫారం మీద నా చేత సంతకం పెట్టించి, ఎవరి మాట మీద పెట్టానో కింద రాసుకుంది. చివరికి పిల్ల వైపు తిరిగి, "నీకు ఇష్టమేనా?" అని అడిగింది. అది, "చెయ్యి నొప్పెడితే రేపు స్కూలు ఎగ్గొట్టచ్చా?" అంది. ఒప్పుకున్నట్టే లెక్క.

ఇదంతా చాదస్తం అనుకున్నవాళ్ళు అక్కడే ఉన్నారు. లైనులో వెనకాల గొణుగుళ్ళు. నేనైతే అలా అనుకోను. 2009లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే, ఈ గోదారికే ఎగువన ఖమ్మం జిల్లాలో, ప్రయోగాత్మకంగా అని వేల మంది ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న గొడవతో 2010లో ఆపేశారు. విచారణ కమిటీ ఆ చావులకీ టీకాకీ సంబంధం కనిపించలేదంది. కానీ హాస్టలు పిల్లలకి అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టేశారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగానే తప్పుబట్టింది. మందు మంచిదే అయినా ఆ సంతకాల వల్ల జనానికి నమ్మకం పోయింది. ఇప్పటికీ మా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఆ పాత వార్తే, సగం నిజం, సగం మసాలా. అందుకే ఒక్కో పిల్లకి ఫోన్ల మీద అంత టైమ్ తగలెయ్యడం నాకు నచ్చింది. కలవని నంబర్లున్న పిల్లల్ని వెయ్యకుండానే పంపించేశారు, పేర్లు రాసుకుని.

టీకా వెయ్యడం మాత్రం చిటికెలో పని. వేసింది సెర్వావాక్, పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారీ, 2023లో బయటికొచ్చింది. 6, 11, 16, 18 రకాల మీద పనిచేస్తుంది. తొమ్మిది రకాల మీద పనిచేసే గార్డసిల్ 9 కూడా ఉంది గానీ దాని ధర మా లెక్కలకి అందేది కాదు. సగం డబ్బు సంస్థ భరించింది, సగం మేం కట్టాం. వేసిన తర్వాత ఎవరినీ వెంటనే లేవనివ్వలేదు, అరగంట కూర్చోబెట్టారు. ఓ పిల్ల కళ్ళు తిరిగి పక్కకి ఒరిగిపోయింది. వాళ్ళ నాయనమ్మ గుండెలు బాదుకోబోతే సిస్టరు పిల్లని పడుకోబెట్టి, కాళ్ళు పైకి పెట్టి, "పొద్దున ఏం తిన్నావే?" అని అడిగింది. ఏమీ తినలేదంట. ఈ వయసు పిల్లలకి సూది భయంతో ఇలా అవడం మామూలేనని, కూర్చోబెట్టేది ఇందుకేనని చెప్పింది. కాసేపటికి పిల్ల లేచి బొండం నీళ్ళు తాగింది. వెళ్ళేవాళ్ళు పిల్లలకి టిఫిన్ పెట్టి తీసుకెళ్ళండి.

పెద్దవాళ్ళ పరీక్ష పక్క గదిలో. చాలామంది అక్కడే వెనక్కి తగ్గారు, కాబట్టి లోపల ఏం జరుగుతుందో రాస్తాను. బల్ల మీద పడుకోబెడతారు. చిన్న పరికరం పెట్టి తెరిచి, 3 నుంచి 5 శాతం ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌లో ఉండే పులుపే, దూదితో అద్దుతారు. ఒక నిమిషం ఆగుతారు. తెల్లటి మచ్చ పొడిస్తే అనుమానం, లేకపోతే లేదు. కాస్త చల్లగా, కాస్త ఇబ్బందిగా ఉంటుంది, నొప్పి అనేంత కాదు. ఫలితం అక్కడికక్కడే. 30 దాటితే ఐదేళ్ళకోసారి చేయించుకోమన్నారు. టీకా వేయించుకున్న పిల్లలు కూడా పెద్దయ్యాక ఈ పరీక్ష మానకూడదంట, టీకా అన్ని రకాల వైరస్‌లనీ ఆపదు కనుక.

నేను టైలర్ని, పరదా గురించి చెప్పకుండా ఉండలేను. గది గుమ్మానికి కట్టింది పల్చటి పాలిస్టర్ గుడ్డ, వెనక లైటు వేస్తే మనిషి ఆకారం కనపడేది. పొడుగు కూడా చాల్లేదు, కింద జానెడు ఖాళీ. బయట లైనులో ఉన్నవాళ్ళకి లోపలి కాళ్ళు కనిపిస్తున్నాయి. మా వదిన అది చూసే ఇంటికెళ్ళిపోబోయింది. నేను షాపు నుంచి లైనింగు గుడ్డ తెచ్చి, పిన్నులు గుచ్చి రెండో వరస కట్టాను. లక్షల ఖరీదు చేసే వ్యాన్లో తిరుగుతారు, నాలుగు మీటర్ల మంచి కాటన్ గుడ్డ కొనలేరా?

రొమ్ము పరీక్ష చేతితోనే చేశారు, అద్దం ముందు ఏం చూసుకోవాలో నేర్పారు. గడ్డ, చర్మం లోపలికి లాక్కోవడం, చనుమొన నుంచి రక్తం లాంటివి. ఇక్కడ నా మాట ఒకటి. జాకెట్టు కొలత తీసేటప్పుడు టేపు పట్టిన చేతికి కొన్ని తెలుస్తాయి. ఒకావిడ ఏడాదిగా ఒకవైపు వదులు పెట్టమని అడుగుతోంది, పాత జాకెట్టు ఆ పక్క ఒరుసుకుంటోందని. నేనే తీసుకెళ్ళాను. తర్వాత ఏమైందన్నది ఆవిడ చెప్పుకోవాల్సిన సంగతి, నేను రాసేది కాదు. లేడీస్ టైలర్లని కూర్చోబెట్టి ఓ పూట నేర్పితే పనికొస్తుందని డాక్టరమ్మతో అన్నాను. రాసుకున్నారు. చూద్దాం.

ఇప్పుడు ఆ ఫోన్ నంబరు. వెనిగర్ పరీక్షలో అనుమానం ఉన్నవాళ్ళకి పాప్ స్మియర్, అంటే ముఖద్వారం దగ్గరి కణాలు, తీసి ల్యాబుకి పంపారు. రిపోర్టు మెసేజ్‌గా వస్తుందన్నారు. పేరు రాసుకునేటప్పుడు ఆధార్‌కి ఉన్న నంబరు అడిగారు. మా దగ్గర సగం మంది ఆడవాళ్ళ ఆధార్‌కి మొగుడి నంబరే ఉంటుంది. మా వదిన రిపోర్టు భీమవరం అవతల రొయ్యల చెరువు కాపలాలో ఉన్న మా అన్నయ్యకి వెళ్ళింది, అదీ ఇంగ్లీషులో. ఆయన కంగారుపడి అక్కడి మందుల షాపు కుర్రాడి చేత చదివించాడు. ఆ షాపుకి వచ్చేవాళ్ళలో మా ఊరివాళ్ళూ ఉన్నారు. వచ్చింది మామూలు ఇన్‌ఫెక్షన్, మాత్రలతో పోయేది. సాయంత్రానికి ఊళ్ళో మాత్రం వదినకి క్యాన్సరే వచ్చేసింది. నంబరు అడిగేటప్పుడు "ఇది మీ చేతిలో ఉండే ఫోనేనా?" అని ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. ఫోన్ చేసి దెబ్బలాడాను. ఇకమీద ఆశా వర్కరు ద్వారా కాగితం పంపిస్తామన్నారు. ఆ మార్కు మాత్రం తిరిగి ఇవ్వను.

మగవాళ్ళని అసలు పట్టించుకోలేదు. ఆడవాళ్ళని దింపడానికి వచ్చినవాళ్ళంతా షెల్టర్ కింద నీడలో బైకుల మీద కూర్చుని ఖైనీ నలుపుకుంటున్నారు. ముసలాళ్ళ నోట్లో చుట్ట. మాది లంక పొగాకు పండించిన నేల, చుట్ట ఇక్కడ వింతేం కాదు. మన దేశంలో మగవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో నోటిదే ముందుంటుంది. దానికి పరీక్షంటే నోరు తెరిపించి టార్చి వేసి చూడ్డమే, తెల్లమచ్చలో ఎర్రమచ్చలో మానని పుండో ఉందేమోనని. ఒక డెంటల్ డాక్టర్ని కింద కుర్చీ వేసి కూర్చోబెడితే అయిపోయేది. మగపిల్లలకి కూడా ఈ టీకా వేస్తారని, ఆస్ట్రేలియాలో 2013 నుంచే వేస్తున్నారని నేను అడిగితేనే చెప్పారు. ఇంట్లో డబ్బు తీసేది వాళ్ళే అయినప్పుడు, సభలో ఆ చాప మీద వాళ్ళకీ చోటుండాలి కదా.

వెళ్ళేవాళ్ళకి: పిల్ల వయసు తెలిసే కాగితం, అమ్మానాన్నలు విదేశాల్లో ఉంటే ముందురోజే ఫోన్ చేసి ఏ టైముకి ఎత్తగలరో కనుక్కోండి, మీ సొంత నంబరు రాయించండి. నెలసరి రోజుల్లో కింది పరీక్ష చెయ్యరు, ఆ తేదీ చూసుకోండి.

రెండో డోసు ఆరు నెలలకి అన్నారు. కార్డు మీద ఆగస్టు తేదీ వేసిచ్చారు. ఆగస్టులో ఈ వశిష్ఠ గోదారికి వరదొస్తే పంటు ఆపేస్తారు, ఈ లంకల దారులు మునుగుతాయి. ఇది చెప్తే డాక్టరమ్మ ఆలోచించి, రెండు డోసుల మధ్య ఐదు నెలలకి తగ్గకూడదు గానీ ఇంకాస్త ఎడం ఉన్నా పర్లేదన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి ఒక్క డోసు కూడా చాలంటోందని, మన పిల్లల డాక్టర్లు మాత్రం రెండు వేస్తున్నారని కూడా చెప్పారు. కార్డులన్నీ వెనక్కి తీసుకుని ఆగస్టు కొట్టేసి, అక్టోబరు అని పెన్నుతో దిద్దించాం. దసరా సెలవుల్లో పడకుండా చూడమని కూడా చెప్పాను.